నేరేడు రంగు పెదాలు

మొన్న అమీర్‌పేటలో మెట్రో మెట్ల కింద ఒకామె తోపుడుబండి మీద నేరేడు పళ్ళు అమ్ముతోంది. బండి పక్కనే బోర్లించిన బుట్ట మీద ఆమె కొడుకు, నాలుగేళ్ళుంటాయేమో, కూర్చుని కాళ్ళూపుతున్నాడు. వాడి పెదాలు నీలంగా ఉన్నాయి. నాకు తెలియకుండానే వంగి వాడి గడ్డం పట్టుకున్నాను.

“ఏదీ, నాలుక చాపు నాన్నా,” అన్నాను.

తల్లి నా చెయ్యి విసురుగా తోసేసింది. “ఏందమ్మా, పోరని మూతి గట్ల వట్టుకున్నవ్? ఎవలు నువ్వు?”

“ఏం లేదమ్మా. పెదాలు చూసి...”

“పండ్లు తిన్నడు. తింటే గట్లనే ఐతయ్. నువ్వు జర దూరం నిలవడు.”

పిల్లవాడు మాత్రం నన్ను వెక్కిరించడానికి నాలుక బారెడు చాపాడు. నాలుక నిండా ముదురు ఊదారంగు మచ్చలు. పళ్ళ రంగే. నా ప్రాణం కుదుటపడింది. పావుకిలో కొన్నాను. పొట్లం చేతికిస్తున్నంతసేపూ ఆమె నా ముఖం కేసి అనుమానంగా చూస్తూనే ఉంది. ఆమె తప్పేం లేదు. ఆమె స్థానంలో మా నాయనమ్మ ఉంటే పోలీసుల్ని పిలిచేది.

మా ఇల్లు అక్కడికి నాలుగు సందుల అవతల ఉండేది. ఇప్పుడా చోట ఆడపిల్లల హాస్టలు ఐదంతస్తులు లేచింది. అప్పట్లో అమీర్‌పేటలో ఇన్ని బోర్డులు లేవు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లు రెండో మూడో ఉండేవి, సాయంత్రం సందు పొడుగునా ఆ టకటకలు వినిపించేవి. మాది కింద మూడు గదులు, పైన డాబా మీద ఒక్క గది. కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. నాన్న లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో పనిచేసేవాడు. అమ్మ ఇంటిపనిలో, తమ్ముడూ నేనూ బడిలో. ఇల్లు నడిపేది నాయనమ్మ. నడిపేది అనడం కంటే కాపలా కాసేది అనాలి.

ఆవిడ ఎవరినీ నమ్మేది కాదు. పాలవాడు చెంబులో పోసిన పాలు ఒక చుక్క బొటనవేలి గోరు మీద వేసుకుని అది జారుతుందా నిలుస్తుందా చూస్తే గానీ వాడిని గడప దాటనిచ్చేది కాదు. నెయ్యి డబ్బా మీద ఎంతవరకు ఉందో గోరుతో గీత గీసేది. ఆవకాయ జాడీ మూతికి కట్టే వాసెన గుడ్డకు ఆవిడ వేసే ముడి ఇంట్లో ఇంకెవరికీ రాదు. విప్పితే మళ్ళీ అలా కట్టలేం, దొరికిపోతాం. మేం బడి నుంచి రాగానే దగ్గరికి పిలిచి నోరు వాసన చూసేది. ఉల్లిపాయ పకోడీలు తిన్నామో, మామిడికాయ ముక్కలు తిన్నామో చెప్పేసేది. ఆవిడ ముక్కుకి ఎదురుండేది కాదు.

ఆ ముక్కుకి పైగదిలోంచి వచ్చిన స్పిరిట్ వాసన పడలేదు.

పైగదిలో టీచరుగారు దిగి నెల కూడా కాలేదు. ఒంటరి మనిషి, క్రైస్తవులు, గుంటూరు వైపు నుంచి వచ్చారు. నలభై ఏళ్ళుంటాయి. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. మాది నీచు ముట్టని ఇల్లు. గది ఇచ్చేముందు నాయనమ్మ మెట్ల మీదే నిలబెట్టి అడిగింది.

“మా ఇంట్లో మాంసం వండకూడదమ్మా. ముందే చెబుతున్నాను.”

“వండను మామ్మగారూ,” అన్నారావిడ.

ఆవిడ సామానులో ఒక ట్రంకుపెట్టె బరువుగా ఉండి, కదిలిస్తే గాజు చప్పుడయ్యేది. మోసినవాడు దించుతూ “ఇండ్ల ఏముందో గానీ మస్తు వాసనొస్తుంది” అన్నాడు. ఆ ఒక్క మాటతో మా సందంతా కథలు అల్లుకుంది. పక్కింటి అత్త, సాయంత్రం మా అరుగు మీద కూర్చుని ఆకుకూరలు ఏరే మనిషి, గొంతు తగ్గించి నాయనమ్మతో అంది: “పెద్దమ్మా, నేను జూసిన. సీసాలల్ల కప్పలున్నయ్. పాము సుత ఉన్నది. గామెకు మొగుడు లేడు, పిల్లలు లేరు. ఏం జేస్తదో ఏమో.”

నాయనమ్మ పెదవి విరిచింది. అప్పటినుంచి నాకొక పని అప్పజెప్పింది. పైకి వెళ్ళి చూసి రావడం.

నాకు పదేళ్ళు. ఆ పని నాకు బాగా నచ్చింది. తమ్ముడికి ఆరేళ్ళు, నా వెంటే వచ్చేవాడు. పన్నెండు మెట్లెక్కి పైమెట్టు మీద గొంతుక్కూర్చుని మోకాళ్ళకు గడ్డం ఆనించి, ఆయాసం తగ్గేదాకా ఆగేవాడు. వాడెప్పుడూ అంతే. బడిలో పరుగు పందెంలో సగం దూరం పోయి మధ్యలో గొంతుక్కూర్చునేవాడు. నాన్న సోమరి అనేవాడు. సందు చివర డాక్టరు రక్తం తక్కువని టానిక్ రాశాడు. నాయనమ్మ ఎర్రనీళ్ళతో దిష్టి తీసేది. వాడు చామనచాయ కంటే నలుపు. పెదాలు, గోళ్ళు ఇంకొంచెం నలుపు. మా తాతగారి పోలిక అనుకునేవాళ్ళం.

ఒక ఆదివారం పొద్దున మేం వెళ్ళేసరికి టీచరుగారి గది ముందు డాబా మీద నలుగురు కాలేజీ అమ్మాయిలు గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో తడిపిన గోనెపట్టా, దాని మీద గులాబీ రంగులో రెండు పెద్ద ముద్దలు, వాటిని కలుపుతూ పక్కటెముకల్లాంటి గీతలున్న గొట్టం. మాంసం కొట్టు నుంచి తెప్పించిన గొర్రె ఊపిరితిత్తులు. టీచరుగారు గొట్టంలోకి సైకిలు పంపు ట్యూబు దూర్చి తాడుతో బిగించి, “కొట్టండి” అన్నారు. ఒకమ్మాయి పంపు కొట్టింది. ఆ ముద్దలు కదిలాయి. ఉబ్బాయి. ముడతలన్నీ విచ్చుకుని, రంగు తేలికై, పట్టా మీది నుంచి పైకి లేచాయి. అంత పెద్దవవుతాయని నేననుకోలేదు. ట్యూబు తీయగానే సుయ్యిమంటూ కిందికి దిగాయి. నా పక్కన తమ్ముడు వాటితో పాటు గాలి పీల్చి వాటితో పాటు వదిలాడు. వాడికి తెలియదు అలా చేస్తున్నట్టు. టీచరుగారు చూశారు.

తర్వాత గుండె చూపించారు. కోసి, విప్పి, మేమూ ఉన్నామని కాబోలు, తేలిక మాటల్లో చెప్పారు. ఒళ్ళంతా తిరిగి గాలి అయిపోయిన రక్తం ముదురు రంగులో కుడిపక్కకి వస్తుంది. అక్కణ్ణుంచి ఊపిరితిత్తులకి వెళ్ళి గాలి పట్టుకుని, ఎర్రగా మారి ఎడమపక్కకి వస్తుంది. ఎడమపక్క దాన్ని ఒంటికి తోస్తుంది. రెండూ కలవకుండా మధ్యలో గోడ.

“చేపకి రెండే గదులు. దానికి ఊపిరితిత్తులు లేవు, మొప్పల దగ్గరే నీళ్ళలోంచి గాలి తీసుకుంటుంది. కప్పకి మూడు. కింది గదికి గోడ లేదు, అందులో రెండు రక్తాలూ కలుస్తాయి.”

“కలిస్తే కప్ప చచ్చిపోదా?” తమ్ముడు అడిగాడు.

“చావదు. అది చర్మంతో కూడా గాలి పీల్చుకుంటుంది. దానికా గుండె చాలు.”

“మరి మనకి?”

“మనకి కలవకూడదు నాన్నా,” అన్నారు. అని వాడి చేతి వేళ్ళకేసి చాలాసేపు చూశారు. వాడి వేళ్ళ చివర్లు మా వాటిలా సన్నగా ఉండేవి కావు, డప్పు పుల్ల చివరలా గుండ్రంగా ఉండేవి.

అప్పుడే నాయనమ్మ మెట్లెక్కి వచ్చింది. గోనెపట్టా మీద ఉన్నది చూసి చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

“మాంసం వండనన్నావు కదమ్మా!”

“వండనన్నాను మామ్మగారూ. వండలేదు.”

కాలేజీ అమ్మాయిలు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ నవ్వు నాయనమ్మ మరిచిపోలేదు.

అది నేరేడు పళ్ళ కాలం. నాయనమ్మకి చక్కెర జబ్బు. పళ్ళు తిని, గింజలు డాబా మీద పేపరు పరిచి ఎండబెట్టి, దంచి, పొద్దున్నే ఆ పొడి మజ్జిగలో కలుపుకు తాగేది. పళ్ళ బుట్ట వంటింటి అటక మీద. మాకు రోజుకి చెరో నాలుగు, ఉప్పు అద్ది ఇచ్చేది. మంచి పళ్ళు, వేలెడంత పొడుగువి, పైన తొక్క కాస్త పగిలినవి. నాలుగు నాలుక్కి కూడా తెలిసేవి కావు.

ఒక మధ్యాహ్నం అందరూ పడుకున్నాక నేను పీట మీద డబ్బా, డబ్బా మీద నేను ఎక్కి బుట్ట దించి దోసెడు తిన్నాను. గింజలు పెరట్లో కరివేపాకు మొదట్లో పూడ్చాను. నోరు కడుక్కున్నాను, ఉప్పుతో తోముకున్నాను. సాయంత్రం నాయనమ్మ బుట్ట దించగానే లేచింది.

“ఎవరే? ఎవరు తిన్నారు?”

నేను నోరు తెరవకుండా తమ్ముడి వైపు వేలు చూపించాను. వాడి పెదాలు నేరేడు పండు రంగులోనే ఉన్నాయి. రోజూ ఉండే రంగే. కానీ ఆ క్షణంలో నాయనమ్మకి అది సాక్ష్యంగా కనిపించింది. వాడి వీపు మీద రెండు వేసింది. వాడు ఏడవలేదు. ఏడిస్తే వాడికి ఊపిరి అందదు, అందుకని ఏడుపు మింగడం ఎప్పుడో నేర్చుకున్నాడు. గోడవారకి వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. కాసేపటికి నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగాడు.

“అక్కా, నేనెప్పుడు తిన్నాను?”

“పొద్దున. నిద్రమత్తులో తిన్నావు. నీకు గుర్తులేదు,” అన్నాను.

వాడు నమ్మాడు. ఆ తర్వాత వారంలో ఇంకో రెండుసార్లు తిన్నాను. రెండుసార్లూ వాడికే పడ్డాయి. నాయనమ్మ నా నోరు వాసన చూడటం కూడా మానేసింది. దొంగ దొరికిపోయాక ఇంకొకళ్ళని ఎవరు వెతుకుతారు?

మూడోసారి వాడికి దెబ్బలు పడిన రోజు టీచరుగారు మెట్ల మీద మా ఇద్దరినీ ఆపారు. కింద జరిగే గొడవ పైకి వినిపిస్తూనే ఉంటుంది. ఆవిడ గ్లాసుడు ఉప్పునీళ్ళు తెచ్చి వాడిని పుక్కిలించమన్నారు. వాడు ఉమ్మిన నీళ్ళు తేటగా ఉన్నాయి. పెదాలు అలాగే ఉన్నాయి. గ్లాసు నాకిచ్చారు. నేను ఉమ్మిన నీళ్ళు లేత ఊదాగా ఉన్నాయి. ఆవిడ వాడి గోరు నొక్కి వదిలి, రంగు ఎలా తిరిగొస్తోందో చూశారు. మెట్టు మీద కూర్చుని వాడి చొక్కా గుండీలు విప్పి ఛాతీకి చెవి ఆనించి కళ్ళు మూసుకున్నారు. పెదాలు కదులుతున్నాయి. ఏదో జపిస్తున్నట్టు. లెక్కపెడుతున్నారని నాకు తర్వాత తెలిసింది.

లేచేసరికి ఆవిడ ముఖం మారిపోయి ఉంది. వాడిని లోపలికి పంపి నాతో అన్నారు:

“వాడివి పళ్ళు తిన్న పెదాలు కావు. వాడి గుండెలో గోడకి చిల్లు ఉందేమోనని నా అనుమానం. నల్ల రక్తం ఎర్ర రక్తంలో కలుస్తోంది. నేను డాక్టర్ని కాదు, కానీ పెద్దాసుపత్రిలో చూపించాలి, తొందరగా. మీ అమ్మతో చెబుతాను. నేను చెబితే నమ్మకపోవచ్చు. పళ్ళు ఎవరు తిన్నారో నువ్వు చెబితే మాత్రం నమ్ముతారు.”

నేను నేల చూశాను.

“ఇంకో మాట. వాడు గొంతుక్కూర్చుంటే లేవమని తిట్టకండి. వాడి ఒంటికి తెలిసిన వైద్యం అది. అలా ముడుచుకుంటే ఊపిరితిత్తులకి ఇంకొంచెం రక్తం వెళుతుంది. ఎప్పుడైనా పడిపోతే మోకాళ్ళు మడిచి ఛాతీకి ఆనించి గట్టిగా పట్టుకో. గుర్తుంటుందా?”

తలూపాను.

ఆ సాయంత్రమే ఆవిడ కిందికొచ్చి అమ్మతో చెప్పారు. అమ్మ చేతిలో పప్పుగుత్తి అలాగే ఉండిపోయింది. నాయనమ్మ మధ్యలోనే అందుకుంది.

“మా వంశంలో గుండెజబ్బు లేదు. పళ్ళు తిని మూతి నల్లగా అయితే గుండెకి చిల్లంటావా? నువ్వు కోసేది కప్పల్ని. నా మనవణ్ణి వదిలెయ్.”

టీచరుగారు నాకేసి చూశారు. నేను అమ్మ వెనక్కి జరిగాను. ఆవిడ వెళ్ళిపోయాక అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. తలుపు దగ్గరగా వేసింది. పొయ్యి మీద పప్పుచారు మరుగుతోంది, ఇంగువ వాసన.

“నిజం చెప్పు. వాడు పళ్ళు తిన్నాడా?”

వాడు తినలేదంటే టీచరుగారి మాట నిజం. తిన్నాడంటే ఏమీ లేదు, పిల్లవాడు బాగున్నాడు. అమ్మకి ఏ జవాబు కావాలో నాకు కనిపిస్తూనే ఉంది. నాకు కావలసిందీ అదే.

“తిన్నాడమ్మా. నేను చూశాను.”

అమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. నేను అక్కడితో ఆగలేదు. టీచరుగారు బతికుంటే నా దొంగతనం ఎప్పటికైనా బయటపడుతుందన్న భయం. పదేళ్ళ పిల్లకి నిజంగా అలాంటి మాటే తట్టింది, బతికుంటే అని. “టీచరుగారు వాడి చొక్కా విప్పి ఛాతీకి చెవి పెట్టి ఏదో మంత్రం చదివింది,” అన్నాను. నాయనమ్మ తలుపు అవతలే ఉంది.

మర్నాడు పొద్దున్నే గది ఖాళీ చెయ్యమన్నారు. టీచరుగారు ఎందుకని కూడా అడగలేదు. నాలుగో రోజు ఆటో వచ్చింది. ట్రంకుపెట్టె ఎక్కిస్తుంటే సందులో అందరూ గుమ్మాల్లోకొచ్చి నిలబడ్డారు. పక్కింటి అత్త వాళ్ళ పిల్లల్ని లోపలికి పంపి తలుపేసింది. ఆటో అతనికి ఆవిడ పంజాగుట్ట చౌరస్తా దాటాక ఫలానా సందు, ఫలానా చర్చి పక్కన అని చెప్పడం నేను విన్నాను. ఎక్కేముందు నా వైపు తిరిగారు. ఏదో అంటారని ఒళ్ళు బిగబట్టుకున్నాను. మోకాళ్ళు రెండూ చేత్తో తట్టి చూపించి ఎక్కి కూర్చున్నారు.

ఆ తర్వాతి ఆదివారం బల్కంపేటలో బోనాలు. మా పక్కింటి అత్త బోనం ఎత్తుకుంది. అమ్మ చూడాలంది. అందరం నడిచి వెళ్ళాం. వేపమండలు, పసుపు, తడిమట్టి, సాంబ్రాణి, అన్నీ కలిసిన వాసన. డప్పులు కడుపులో మోగుతున్నాయి. జనంలో తమ్ముడు మధ్యలో రెండుసార్లు గొంతుక్కూర్చోబోయాడు. తొక్కేస్తారని అమ్మ రెక్క పట్టి లేపింది. మూడోసారి లేపేసరికి వాడు నిలబడలేదు. తల వెనక్కి వాల్చాడు. కళ్ళు తేలేశాడు. పెదాలు, ముక్కు చుట్టూ, చెవులు, అన్నీ సిరా పోసినట్టు అయిపోయాయి.

“పిల్లగానికి అమ్మవారు వచ్చింది! యాపాకు వెట్టుండ్రి!” ఎవరో అరిచారు. ఎవరో వాడి నుదుట పసుపు పూశారు. పక్కింటి అత్త నెత్తి మీద బోనంతోనే “జర జరుగుండ్రి, గాలి ఆడనియ్యుండ్రి!” అని కేకలేసింది. నాయనమ్మ వాడిని నేల మీద వెల్లకిలా చాపింది. వాడి ఛాతీ ఎగసిపడుతోంది, గాలి లోపలికి పోతున్నట్టే ఉంది, అయినా రంగు ఇంకా ముదురుతోంది.

నేను నాయనమ్మని తోసేశాను. వాడి మోకాళ్ళు రెండూ మడిచి ఛాతీకి అదిమి, వాడిని మొత్తం ఉండలా నా ఒళ్ళోకి లాక్కుని పట్టుకున్నాను. “వదలవే, ఊపిరాడదు వాడికి!” అని నాయనమ్మ నా జుట్టు పట్టుకుని లాగింది. వదల్లేదు. ఎంతసేపో తెలియదు. డప్పు ఒక వరస మారింది. వాడు ఒక్కసారి మూలిగాడు. పెదాల మీద నలుపు కొంచెం పలచబడింది. వాడి గుండె నా మోచేతికి తగులుతోంది, వేగంగా, తడబడుతూ.

అలా పట్టుకునే ఆటోలో పంజాగుట్ట పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. చూసిన డాక్టరు మొదట అడిగింది ఒక్కటే: “మోకాళ్ళు మడిచి పట్టుకోమని ఎవరు చెప్పారు?”

అందరూ నన్ను చూశారు.

ఆసుపత్రి వరండాలో, నాన్న కూడా ఉండగా, అంతా చెప్పేశాను. పళ్ళు, గింజలు పూడ్చింది, ఉప్పునీళ్ళు, మంత్రం అబద్ధం. కొడతారనుకున్నాను. నాన్న గోడకేసి తిరిగి నిలబడ్డాడు. నాయనమ్మ పాలవాడిని చూసే చూపు ఒకటుంది కదా, అమ్మ నన్ను ఆ చూపు చూసింది. తర్వాత చాలా ఏళ్ళు నేను ఏం చెప్పినా, బడిలో మార్కులు చెప్పినా, తలనొప్పి అన్నా, అమ్మ ఒక క్షణం ఆగి అప్పుడు నమ్మేది. ఆ క్షణం చాలా పొడుగ్గా ఉండేది.

డాక్టర్లు పరీక్షలన్నీ చేసి చెప్పింది టీచరుగారి మాటే, ఇంకొకటి కలిపి. గోడకి చిల్లు, ఊపిరితిత్తులకి వెళ్ళే దారి ఇరుకు. మద్రాసు తీసుకెళ్ళి ఆపరేషను చేయించాలి, గుండె తెరవాలి.

నాయనమ్మ ఒప్పుకోలేదు. “ఆరేళ్ళ పిల్లవాడి ఛాతీ కోస్తారా? నేర్చుకోడానికి నా మనవడే దొరికాడా వాళ్ళకి?” అని రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆవిడని కాదని సంతకం పెట్టే ధైర్యం నాన్నకి లేదు. మూడో రోజు నన్ను పిలిచింది.

“ఆ టీచరు ఎక్కడుందో తెలుసా నీకు?”

“తెలుసు.”

“పద. ఆ మనిషి చెప్పినప్పుడు తనకి పైసా లాభం లేదు. ఉన్న గది కూడా పోయింది. అలాంటి వాళ్ళనే అడగాలి.”

ఆవిడ ఒక మనిషిని నమ్మడానికి కూడా అనుమానం దారినే రావాలి.

పంజాగుట్ట సందులో చర్చి పక్కన తలుపు కొట్టాం. గొలుసు తీయకుండానే తలుపు బెత్తెడు తెరుచుకుంది. తలుపు సందులోంచి టీచరుగారి ఒక కన్ను.

“మళ్ళీ ఏం పోయింది మామ్మగారూ మీ ఇంట్లో?”

నాయనమ్మ తలుపుకి ఇంకాస్త దగ్గరగా జరిగి, “ఏం పోలేదమ్మా. పోకుండా చూడమని వచ్చాను,” అంది.

గొలుసు వెంటనే తీయలేదు. మేం నిజంగా ఇద్దరమే వచ్చామా, వెనక ఎవరైనా ఉన్నారా అని కాబోలు ఆ కన్ను మా భుజాల మీదుగా వీధిలోకి చూసింది. తర్వాత తీశారు.

అంతా విన్నాక, “రేపు పొద్దున రండి. మాటలతో చెబితే మీరు నమ్మరు,” అన్నారు.

మర్నాడు వెళ్ళేసరికి నేల మీద పేపరు, దాని మీద మేక గుండె. మాంసం కొట్లో చీల్చకుండా అడిగి తెచ్చారట. నాయనమ్మ పుట్టి బుద్ధెరిగాక నీచు ఉన్న గదిలో మంచినీళ్ళు తాగిన మనిషి కాదు. చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆ పేపరు ముందు చతికిలబడింది.

“మేకకీ మనిషికీ ఒకటేనా?”

“గదులు ఒకటేనండీ. నాలుగు.”

“ఆవుకి?”

“ఆవుకీ నాలుగే.”

టీచరుగారు బ్లేడుతో కుడిపక్క గది తెరిచారు. తర్వాత ఎడమపక్కది. రెంటికీ మధ్య మందంగా, గట్టిగా కండ. “ఇదీ గోడ. మీ వాడికి ఇక్కడ, పై కొసన, చిల్లు ఉంది. అందులోంచి గాలి అయిపోయిన రక్తం ఇటు వచ్చి ఒంట్లోకి పోతోంది. ఊపిరితిత్తులకి పోయే గొట్టం ఇది. వాడికి ఇది ఇరుకు.”

“అంటే కప్ప గుండెలా అయిందన్నమాట. మావాడు చెప్పాడు, కప్పకి గోడ లేదని.”

“పనిలో అలాగే అయిందండీ. కప్పకి అది చాలు. పిల్లవాడు పెరుగుతాడు, వాడికి చాలదు.”

నాయనమ్మ చెంగు కిందికి జారిపోయింది. చూసుకోలేదు. చూపుడువేలు చాపి ఆ గోడని తాకింది. ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని దాని మందం చూసింది, చీర అంచు నేత చూసినట్టు.

“ఆపరేషను చేసేటప్పుడు గుండె ఆపుతారా?”

“ఆపుతారు. అంతసేపూ యంత్రం రక్తాన్ని తిప్పుతుంది, దానికి గాలి పట్టిస్తుంది. చిల్లు మూసి, దారి వెడల్పు చేసి, మళ్ళీ కొట్టుకోనిస్తారు.”

“కొట్టుకుంటుందని ఎవరు చెప్పారు?”

“చాలామందికి కొట్టుకుంటుంది. మీ వాడికి కొట్టుకుంటుందని ఎవరూ రాసివ్వరు. చెయ్యకపోతే ఏమవుతుందో మాత్రం రాసివ్వగలరు.”

నాయనమ్మ తలూపింది. “రాసిస్తానని ఉంటే నమ్మేదాన్ని కాదు.” చెయ్యి కడుక్కుంది. ఇంటికొచ్చి తలస్నానం చేసి, తడి జుట్టుతోనే నాన్న దగ్గరికెళ్ళి, “కోయించు,” అంది.

మద్రాసు అమ్మా నాన్నా తీసుకెళ్ళారు. నేనూ నాయనమ్మా ఉండిపోయాం. పక్కింటి అత్త వాళ్ళింట్లో ఫోను ఉండేది. ఆపరేషను రోజు ఆమె ఆ ఫోను పక్కనే కూర్చుని వంట కూడా చెయ్యలేదు. సాయంత్రం గోడ మీది నుంచి “పెద్దమ్మా, కొట్టుకుంటుందంట! గుండె మంచిగ కొట్టుకుంటుందంట!” అని అరిచింది. నాయనమ్మ ఆ మాట మూడుసార్లు చెప్పించుకుంది. ప్రతిసారీ ఒక్కో ప్రశ్న: ఫోను చేసింది ఎవరు? మా అబ్బాయి గొంతేనా? ఏడుస్తూ చెప్పాడా, మామూలుగానా? మూడోసారి తర్వాత అరుగు మీద కూర్చుండిపోయింది.

నెల తర్వాత వాడు తిరిగొచ్చాడు. నాయనమ్మ వాడిని కిటికీ దగ్గర వెలుతురులో నిలబెట్టి పది గోళ్ళూ ఒక్కొక్కటే నొక్కి చూసింది. గులాబీ రంగు. కాళ్ళవి కూడా చూసింది. వాడు నలుపు కాదని, చామనచాయేనని అప్పుడు తెలిసింది మాకు.

టీచరుగారు ఒక్కసారి చూడటానికొచ్చారు. అమ్మ కాళ్ళ మీద పడబోతే పట్టుకుని ఆపారు. కాఫీ తాగారు. పైగదిలోకి మళ్ళీ వచ్చెయ్యమని నాయనమ్మ అడిగింది. “వద్దు మామ్మగారూ. ఆ మెట్లెక్కుతుంటే వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టుంటుంది నాకు. ఆ అలవాటు పోవడానికి చాలాకాలం పడుతుంది,” అన్నారు. కోపంగా కాదు, ఉన్న సంగతి చెబుతున్నట్టు. వెళ్ళేటప్పుడు నా తల మీద చెయ్యి వేశారు. నాకు క్షమాపణ అడగడం రాలేదు. ఇప్పటికీ ఆ చెయ్యి బరువు గుర్తుంది, అది క్షమించిన చెయ్యో కాదో తెలియదు. తర్వాత ఏడాదికి ఆవిడ ఊరు మారిపోయారు.

మా తమ్ముడు బాగానే ఉన్నాడు. మెట్లెక్కుతాడు, పరుగెడతాడు, పెళ్ళాం పిల్లలున్నారు. ఛాతీ మీద నిలువు గీత ఒకటి, దాన్ని దాచుకోడు. కానీ వాడికొక అలవాటుంది. ఇంటికి తాళం వేసి, సందు చివరిదాకా వచ్చి, “తాళం వేశానా?” అని భార్యని అడుగుతాడు. గ్యాసు ఆపి రెండుసార్లు వెనక్కెళ్ళి చూస్తాడు. ఎవరైనా వాడి మీద లేనిపోని తప్పు మోపితే పోట్లాడడు. కాసేపు ఆలోచించి, “నేనే చేసుంటానేమో, నాకు గుర్తులేదు,” అంటాడు. మా మరదలు అది చెప్పి నవ్వుతుంది.

పోయినేడు ఒకసారి వాడితో అన్నాను, ఆ మాట నీకు నేర్పింది నేనేరా అని. “అవునా అక్కా? నాకు గుర్తులేదే,” అన్నాడు. నిజంగానే గుర్తులేదా, నన్ను కాపాడటానికి అన్నాడా? వాడి ముఖం ఎంత వెతికినా నాకు తెలియలేదు.